ఎముకల వయసు

ఈ అర్ధరాత్రితో గడువు అయిపోతుంది.
నవంబరులో సదస్సు, దాని వెంటే మూడు రోజుల శిక్షణ,
రానుపోను ఖర్చులకి గ్రాంటు.
షరతు ఒక్కటే:
దరఖాస్తు నాటికి నలభై నిండకూడదు.

నాకింకా రెండు నెలలుంది.
పిల్లల హార్మోన్ల డాక్టర్ల లెక్కలో
ఆగస్టు దాకా నేనూ పిల్లనే.

మేం వయసుని నోటిమాటగా నమ్మం.
ఎడమ చెయ్యి పరిచి ఎక్స్‌రే తీసి
మణికట్టులో ఎన్ని గులకరాళ్ళు మొలిచాయో లెక్కపెడతాం.
ఆధార్ కార్డులో పన్నెండు, ఎముకల్లో ఏడు,
అలాంటివాళ్ళే వస్తారు బుధవారాలు
గుంటూరు పెద్దాసుపత్రి పాత బ్లాకులో
మెట్ల కింద గదికి.
నా చెయ్యి పెడితే ఎంత చెబుతుందో
ఎక్స్‌రే గిరిధర్‌ని ఎప్పుడూ అడగలేదు.

ఆరు గడులు తేలిగ్గానే నిండాయి.
ఏడోది, పరిశోధన సారాంశం, రెండొందల మాటల్లో.
తెల్లారినప్పట్నించీ ఆ ఖాళీ గడిలో కర్సర్
కొట్టుకుంటూనే ఉంది
పసిగుడ్డు మాడులాగా.

పొద్దున సైదాబీ వచ్చింది, మిర్చి యార్డు నుంచి నేరుగా.
కొంగు దులిపిందో లేదో గది గదంతా తుమ్మింది.
కొడుకు మస్తాన్‌కి తొమ్మిదేళ్ళు, రోజుకి నాలుగు సూదులు.
ఇంట్లో ఫ్రిజ్ లేదు.
"మీరు చెప్పినట్టే అమ్మా,
కుండలో కుండ, మధ్యన తడి ఇసుక"
అంటూ సంచిలోంచి నోటుబుక్కు తీసింది.
మే నెల మొత్తం, రోజుకి మూడుసార్లు,
నేనిచ్చిన థర్మామీటరు చూసి వాడే రాశాడు.
బయట నలభై ఐదు. కుండలో ఇరవై ఆరు.
బయట నలభై ఆరు. కుండలో ఇరవై ఏడు.
ఒకచోట మాత్రం అంకె లేదు.
"ఈ రోజు నీళ్ళు రాలేదు" అని ఉంది.

తర్వాత ఎత్తు.
గోడకి వీపు ఆనించి నిలబడ్డాడు.
తల మీదకి చెక్క జారుతుంటే
కళ్ళు మూసుకుని, ఊపిరి బిగబట్టి,
మునివేళ్ళ మీదకి లేచాడు.
అందరూ లేస్తారు.
"మడమలు దించు నాన్నా,
దొంగ సెంటీమీటరు నీకెందుకురా?"
దించాడు.
ఆర్నెల్లలో మూడు, నిఖార్సయినవి.

తెనాలి నుంచి వచ్చినావిడ తలుపు మూసి
చెవిలో చెప్పింది బిడ్డ సంగతి.
ఏడేళ్ళ పిల్ల బయట బెంచీ మీద
అందరి చెప్పుల జతలూ తారుమారు చేసి ఆడుకుంటోంది.
నువ్వు తొందరగా పెద్దదానివవుతున్నావమ్మా అని
ఆ పిల్లకి ఎలా చెప్పాలో నాకెవరూ నేర్పలేదు.
శిక్షణ కాగితంలో ఉంది,
రెండో రోజు మధ్యాహ్నం, గంటన్నర.

"ఆ మూడు రోజుల్లో బుధవారం కూడా పడిందా మేడం?"
సిస్టర్ సువార్త ప్రశ్న.
క్యాలెండర్ చూశాను.
పడింది.

రాత్రి పదకొండు, బ్రాడీపేటలో ఇల్లు,
టీ మీద మీగడ కట్టింది.
ఏడో గడిలో ఎట్టకేలకి రాసింది చదువుకున్నాను.
వినూత్నమట, బహుముఖమట,
పరిమిత వనరుల నేపథ్యంలో సుస్థిర నమూనా అట.
ప్రతి మాటా మునివేళ్ళ మీద నిలబడి ఉంది.
మడమలు దించండి, అన్నాను పైకే.
మొత్తం చెరిపేశాను.

కుండల జత నూట ఎనభై. ఇసుక ఊరికే దొరికింది.
ఇరవై మూడు ఇళ్ళు. అంకెలు పిల్లలే రాశారు.
నీళ్ళు రాని రోజు ఈ పద్ధతి పనిచేయదు.

ఇంకా నూట ఎనభై మాటల చోటు మిగిలింది.
మిగలనీ.

ఎనిమిదో గడి, సహ రచయితలు.
షేక్ మస్తాన్, అని కొట్టాను.
అర్హత? అంది.
ఖాళీగా వదిలితే ముందుకు పోనివ్వలేదు.
నాలుగో తరగతి, అని కొట్టాను.

తీసుకుంది.